గంట ముందుకి జరిపితే గోదావరికి ఏమొస్తుంది?

మార్చి రెండో ఆదివారం దాటిందంటే కోనసీమ ఇళ్లలో ఫోన్ల వేళలు తారుమారవుతాయి. అప్పటిదాకా ఇక్కడ రాత్రి ఎనిమిదికి చేస్తే డాలస్‌లో ఉన్న పెద్దకొడుకు కాఫీ తాగుతూ దొరికేవాడు, అక్కడ ఉదయం ఎనిమిదిన్నర. ఆ ఆదివారం అమెరికా గడియారాలు గంట ముందుకి జరుపుకుంటుంది, అప్పటి నుంచి అదే ఎనిమిదికి చేస్తే అక్కడ తొమ్మిదిన్నర. "మీటింగులో ఉన్నానమ్మా" అని పెట్టేస్తాడు. కువైట్‌లో ఉన్న రెండోవాడితో ఈ పేచీ లేదు. ఏడాది పొడుగునా మన ఎనిమిదికి అక్కడ ఐదున్నరే.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇక్కడ ఎండలు ముదురుతాయి, ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఏటా ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతారు. అమెరికా వాళ్లలాగా మనమూ వేసవిలో గడియారం గంట ముందుకి తిప్పుకుంటే కరెంటు మిగులుతుంది కదా, పిల్లలు ఎండ నెత్తికెక్కకముందే ఇల్లు చేరతారు కదా అని. కొట్టిపారేయాల్సిన మాట కాదిది. అందులో కొంత నిజం ఉంది, ఆ నిజం విలువైనది కూడా. కాకపోతే అది గడియారంలో లేదు. గోదావరి డెల్టాకి సంబంధించినంతవరకు గడియారాన్ని ముట్టుకోకూడదనీ, మార్చాల్సినవి వేళలేననీ నా అభిప్రాయం. ఎందుకో వివరంగా చెప్తాను, ఎక్కడ నాకు సందేహం ఉందో అది కూడా.

మన గడియారం, మన సూర్యుడు

1906 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న భారత ప్రామాణిక కాలం 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం మీద ఆధారపడింది. బడిలో మీర్జాపూర్ పేరు చెప్పి వదిలేస్తారు. ఆ గీత అక్కడితో ఆగదు. దక్షిణానికి దిగి, మన దగ్గర తునికీ అన్నవరానికీ మధ్య నేల దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది. కాకినాడ మీదుగానే పోతుందని చాలామంది అంటారు గానీ, కాకినాడకి అది పాతిక కిలోమీటర్ల పైచిలుకు తూర్పున, సముద్రం మీద ఉంటుంది.

రేఖాంశం ఒక డిగ్రీ మారితే సూర్యుడికి నాలుగు నిమిషాల తేడా. ఆ లెక్కన కాకినాడలో గడియారానికీ సగటు సూర్యుడికీ తేడా ఒక్క నిమిషం. అమలాపురంలో రెండు, రాజమండ్రిలో మూడు, భీమవరంలో నాలుగు. అన్నవరంలో అర నిమిషం కూడా లేదు. అదే హైదరాబాదులో పదహారు నిమిషాలు, ముంబైలో ముప్పై ఎనిమిది పైన, ద్వారకలో యాభైనాలుగు. ఇంత పెద్ద దేశంలో గడియారం పన్నెండు కొట్టినప్పుడు సూర్యుడు నిజంగా నడినెత్తిన ఉండే ప్రాంతాల్లో మన డెల్టా ఒకటి.

నిజంగా అంటే ప్రతిరోజూ కచ్చితంగా అని కాదు. భూమి సూర్యుడి చుట్టూ ఒకే వేగంతో తిరగదు, దాని ఇరుసు వాలి ఉంటుంది. అందుకని నవంబరు మొదటివారంలో కాకినాడలో పావుతక్కువ పన్నెండుకే మిట్టమధ్యాహ్నం అయిపోతుంది, ఫిబ్రవరి నడుమ పన్నెండుంపావుకి అవుతుంది. అన్నవరం కొండ మీద నీడ గడియారం ఉంది. అలాంటి గడియారాన్ని చేతి గడియారంతో పోల్చాలంటే నవంబరు మొదట్లో పదహారు నిమిషాలు తీసేయాలి, ఫిబ్రవరి నడుమ పద్నాలుగు కలపాలి. ఏడాది మొత్తంలో జూన్, డిసెంబరులతో సహా మిగతా రోజుల్లో తేడా ఇంతకంటే తక్కువే. ఇంత దగ్గరగా అమరిన గడియారాన్ని అరవై నిమిషాలు పక్కకి జరపమనడానికి బలమైన కారణం కావాలి.

ఇలా జరపడం మనకి కొత్త కూడా కాదు. రెండో ప్రపంచయుద్ధంలో 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు 15 దాకా దేశమంతా గంట ముందుకి జరిగింది. వేసవికే కాదు, ఏడాది పొడుగునా. అంటే 1944 జనవరిలో కాకినాడలో గడియారం ఏడున్నర దాటాక గానీ పొద్దు పొడవలేదు. ఆ మూడేళ్లలో పుట్టిన వాళ్ల జాతకం వేసేటప్పుడు సిద్ధాంతులు చెప్పిన జననకాలం నుంచి గంట తీసేసి లగ్నం కడతారు. తీయడం మరిచిపోతే లగ్నమే మారిపోవచ్చు, ఎందుకంటే ఒక్కో లగ్నం ఉండేది సుమారు రెండు గంటలు. ఎనభై ఏళ్ల తర్వాత కూడా ఆ సవరణ బతికే ఉంది.

కరువు దేనికి?

గంట జరిపే ఆలోచన ఎక్కడ పుట్టిందో చూస్తే అసలు విషయం అర్థమవుతుంది. లండన్‌లో జూన్‌లో పగలు పదహారున్నర గంటలు, డిసెంబరులో ఎనిమిది గంటలు కూడా ఉండదు. గడియారం మార్చకపోతే జూన్‌లో అక్కడ పొద్దు పొడిచేది తెల్లవారుజామున 3:45 ప్రాంతంలో. ఊరంతా నిద్రపోతుండగా మూడు గంటల వెలుగు కిటికీ తెరల బయటే కరిగిపోతుంది. అందులో ఎనభై నిమిషాలు తీసుకెళ్లి సాయంత్రానికి అతికిద్దామని విలియం విల్లెట్ అనే ఇంగ్లండ్ బిల్డర్ 1907లో అడిగాడు, మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా 1916లో ముందు జర్మనీ, మూడు వారాలకి బ్రిటన్ దాన్ని ఒక గంటగా అమలు చేశాయి. ఆ అక్షాంశంలో ఆ ఆలోచన సబబైనదే. వాళ్లకి చలికాలంలో వెలుగు కరువు, వేసవిలో పొంగిపొర్లుతుంది, పైగా వేసవి సాయంత్రపు ఎండ వాళ్లకి హాయి.

మనం పదిహేడో డిగ్రీ దగ్గర ఉన్నాం. కాకినాడలో అతి పెద్ద పగలు పదమూడు గంటల ఎనిమిది నిమిషాలు, అతి చిన్న పగలు పదకొండు గంటల ఆరు నిమిషాలు. తేడా రెండే గంటలు. ఏడాది మొత్తంలో అన్నిటికంటే ముందు పొద్దు పొడిచేది మే చివర, జూన్ మొదట్లో, 5:27 ప్రాంతంలో. అన్నిటికంటే ఆలస్యం జనవరి నడుమ దాటాక, 6:34 ప్రాంతంలో.

5:27కి డెల్టాలో నిద్రపోతున్నది ఎవరు? అప్పటికే పాలు పితకడం అయిపోయి బిందెలు పాలకేంద్రానికి బయల్దేరుతుంటాయి. కల్లు గీత కార్మికుడు మొదటి చెట్టు దిగి ఉంటాడు. దాళ్వా (రబీ వరి) కోతల కాలమైతే కూలీలు పొలం గట్టున ఉంటారు. కొబ్బరి దింపు కార్మికులు ఎండ రాకముందే ఎక్కి తొమ్మిదికల్లా దిగిపోవాలని చూస్తారు, ఎండెక్కాక చెమట పట్టిన అరచేతులు జారతాయి కాబట్టి. వేసవిలో ఉపాధి హామీ పనులు కూడా పొద్దున్నే మొదలై పదకొండులోపు ముగుస్తాయి. ఈ ప్రాంతం పగటి వెలుగుని ఎప్పుడో ఆదా చేసేసుకుంది, ఏ గడియారాన్నీ తాకకుండా.

ఇక సాయంత్రం సంగతి. గంట ముందుకి జరిపితే జూన్‌లో కాకినాడలో పొద్దుగుంకేది 7:37కి. సాయంత్రం ఒక గంట వెలుగు ఎక్కువ, నిజమే. కానీ అది ఎలాంటి వెలుగు? రోహిణి కార్తెలో రాజమండ్రిలో ఎండ తారస్థాయికి చేరేది రెండు, మూడున్నర మధ్య. తీరం దగ్గర సాయంత్రమయ్యేసరికి పైరగాలి తిరిగి ఒళ్లు తెరిపిన పడుతుంది, లోపలి ఊళ్లకి అది ఇంకా ఆలస్యంగా చేరుతుంది. పది నుంచి ఐదు దాకా పనిచేసే ఆఫీసు సూర్యుడి లెక్కన తొమ్మిది నుంచి నాలుగు దాకా అవుతుంది. ఐదుకి గాలి తిరిగాక బండి ఎక్కే మనిషి నాలుగుకి, తారు రోడ్డు ఇంకా సెగలు కక్కుతుండగా ఎక్కాలి. లండన్ వాడికి దొరికిన గంట పార్కులో గడిపే గంట. మనకి దొరికేది కిటికీలు మూసుకుని కూర్చునే గంట. మనకి వేసవిలో కరువు వెలుగుకి కాదు, నీడకి.

ఇక్కడే అవతలి పక్షపు బలమైన మాట ఒకటుంది. సాయంత్రం నష్టం సరే, ఉదయం లాభం లేదా? పదింటి ఆఫీసుకి వెళ్లేవాడు సూర్యుడి తొమ్మిదికే చేరిపోతాడు. ఒంటిపూట బడి 7:45 నుంచి 12:30 దాకా. గంట జరిపితే అది సూర్యుడి లెక్కన 6:45 నుంచి 11:30. పిల్లలు మిట్టమధ్యాహ్నం కాకముందే ఇంట్లో ఉంటారు. ఇది చిన్న లాభం కాదు. ఏప్రిల్‌లో పన్నెండున్నరకి పుస్తకాల సంచీ తలమీద పెట్టుకుని నడిచే పిల్లల్ని చూసిన వాళ్లెవరూ దీన్ని తేలిగ్గా తీసుకోరు. ఈ సంగతికి చివర్లో మళ్లీ వస్తాను.

కరెంటు లెక్క

ఆదా అన్నది దీపాల కాలంలో పుట్టిన లెక్క. ఒక ఇంట్లో సాయంత్రం నాలుగు దీపాలు వెలుగుతాయనుకుందాం. పాత అరవై వాట్ల బల్బులైతే మొత్తం 240 వాట్లు. రోజుకి గంట చొప్పున ఏడు నెలలు, అంటే 210 రోజులు మిగిలిస్తే యాభై యూనిట్లు. లెక్కలోకి తీసుకోదగ్గ సంఖ్యే. ఇప్పుడా నాలుగూ తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీలు. మొత్తం 36 వాట్లు. అదే 210 రోజులకి ఏడున్నర యూనిట్లు.

ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకి ఒకటి నుంచి ఒకటిన్నర యూనిట్లు లాగుతుంది. ఏడు నెలలు దీపాల్లో పొదుపు చేసింది ఐదు నుంచి ఏడున్నర గంటల ఏసీతో చెల్లు. మరి గంట జరిపితే ఏసీ వాడకం తగ్గుతుందా, పెరుగుతుందా? మన ఇళ్లు ఎక్కువగా శ్లాబు ఇళ్లు. పగలంతా తాగిన వేడిని శ్లాబు రాత్రి దాకా కిందికి దించుతూనే ఉంటుంది. గడియారం పది చూసి పడుకునే మనిషి సూర్యుడి లెక్కన తొమ్మిదికే పడుకుంటాడు, గది ఇంకా ఉడుకుతుండగా. తెల్లారి గంట ముందు లేస్తాడు, అంటే ఏసీ అక్కర్లేకుండా కిటికీ తెరిచి పడుకోదగ్గ చల్లని గంటని వదిలేసి లేస్తాడు. చల్లని గంట పోయి వేడి గంట నిద్రలో చేరుతుంది.

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో జరిగిందీ ఇలాంటిదే. 2006లో రాష్ట్రమంతా గడియారం మార్చడం మొదలుపెట్టాక ఇళ్ల కరెంటు బిల్లులు తీసి చూసిన ఆర్థికవేత్తలు వాడకం సుమారు ఒక శాతం పెరిగిందని తేల్చారు. దీపాల్లో మిగిలింది ఏసీల్లో, హీటర్లలో పోయింది. అక్కడి ఇంధన శాఖ 2008 నివేదిక మాత్రం లాభమే చూపించింది. గడువు నాలుగు వారాలు పొడిగిస్తే ఆ రోజుల్లో రోజుకి అర శాతం మిగిలిందంది. ఏడాది మొత్తానికి వేసి చూస్తే అది 0.03 శాతం. ఒక లెక్క ప్లస్, ఇంకోటి మైనస్, రెండూ చిన్నవే.

మనకి దగ్గరి ఉదాహరణలు ఇంకా సూటిగా చెప్తాయి. కరెంటు కొరత తట్టుకోలేక బంగ్లాదేశ్ 2009 జూన్ 19న గంట ముందుకి జరిపింది. వేసవి దాటినా వెనక్కి తేలేదు. డిసెంబరు వచ్చేసరికి ఢాకాలో గడియారం 7:40 దాకా పొద్దు పొడవని పరిస్థితి. ఏడాది చివరిరోజున వెనక్కి తిప్పి, మళ్లీ ఆ జోలికి పోలేదు. శ్రీలంక 1996లో కరెంటు కోతల వల్ల గంట జరిపి, అదే ఏడాది అరగంట వెనక్కి తగ్గి, 2006లో మళ్లీ మన కాలానికే వచ్చేసింది.

ఇంతవరకు చెప్పింది పాత లెక్క. కొత్త లెక్క ఒకటుంది, నన్ను కాస్త ఆపింది అదే. ఇప్పుడు పగటిపూట సోలార్ కరెంటు దండిగా ఉంటుంది, పొద్దుగుంకగానే పడిపోతుంది, సరిగ్గా అప్పుడే ఇళ్లలో వాడకం ఎగబాకుతుంది. గడియారం గంట ముందుకి జరిపితే వంట, మిక్సీ, మోటారు, టీవీ వాడకంలో కొంత భాగం ఎండ ఉన్న గంటలోకి జరుగుతుంది. దేశం మొత్తాన్ని శాశ్వతంగా అరగంట ముందుకి జరపాలని 2007లో కరెంట్ సైన్స్ పత్రికలో వచ్చిన వ్యాసం కూడా ఈ సాయంత్రపు ఒత్తిడినే పట్టుకుంది. ఇది నిజమైన లాభం, కాదనను.

కానీ ఆ పనికి వేరే పనిముట్టు చేతికొచ్చింది. 2023లో కేంద్రం సవరించిన విద్యుత్ వినియోగదారుల నిబంధనల ప్రకారం సోలార్ వేళల్లో కరెంటు ధర మామూలు కంటే తక్కువ, రద్దీ వేళల్లో ఎక్కువ ఉండాలి. రైస్ మిల్లు, ఐస్ ఫ్యాక్టరీ, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు లాంటి పెద్ద వాడకందార్లకి ఇది పనిచేస్తుంది. ఐస్ ఫ్యాక్టరీ పగలు గడ్డకట్టించి రాత్రి అమ్మగలదు. కదలగలిగిన వాడకం ధర చూసి కదులుతుంది, కదల్లేనిది ఉన్నచోటే ఉంటుంది. గడియారం మారిస్తే రెండూ ఒకేలా కదలాలి.

చెరువు గట్టున రెండుసార్లు వచ్చే ఒంటిగంటన్నర

డెల్టాలో గంట తప్పితే నిలువునా నష్టం వచ్చే చోటు రొయ్యల చెరువు. పగలు నీటిలోని నాచు ఎండకి ఆక్సిజన్ వదులుతుంది, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, బాగా ఉంటుంది. పొద్దుగుంకాక నాచు ఆక్సిజన్ వదలడం ఆపేస్తుంది, రొయ్యతో పాటు తీసుకోవడం మాత్రం ఆపదు. రాత్రంతా దిగుతూ దిగుతూ పొద్దు పొడవడానికి ముందు అడుక్కి చేరుతుంది. డీవో లీటరుకి నాలుగు మిల్లీగ్రాముల కంటే తగ్గితే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ తిరగాలి. ఇంకా దిగితే రొయ్యలు నీటిపైకి తేలి గట్టు వారకి వచ్చేస్తాయి. కరెంటు పోతే జనరేటర్ నిమిషాల్లో అందుకోవాలి.

రొయ్యకి గడియారం తెలియదు కాబట్టి దానికొచ్చే నష్టమేమీ లేదని వాదించొచ్చు. నష్టం మధ్యలో ఉన్న సరంజామాతో వస్తుంది. ఏరియేటర్లకి చాలాచోట్ల ఉండేది గుండ్రటి డయల్ టైమర్. చుట్టూ పావుగంటకొకటి చొప్పున తొంభై ఆరు పిన్నులు ఉంటాయి, ఏ వేళకి మోటారు తిరగాలో ఆ పిన్నులు నొక్కుతారు. బ్యాటరీ లేని రకమైతే కరెంటు పోయినంతసేపూ డయల్ ఆగిపోతుంది. అరగంట కోత పడితే అది అరగంట వెనకబడుతుంది, ఎవరో ఒకరు చేత్తో సరిచెయ్యాలి. దీనికి తోడు ఏడాదికి రెండుసార్లు గంట ముందుకీ వెనక్కీ. ఒక చెరువుకి తిప్పి ఇంకోదానికి మరిచిపోతే, మరిచిన చెరువులో ఏరియేటర్ గడియారానికి గంట తేడాగా మొదలవుతుంది. మేత వేసే ఆటో ఫీడర్లదీ ఇదే తంతు. ఇక వెనక్కి తిప్పే రాత్రి, అమెరికా పద్ధతిలో రెండింటికి తిప్పితే, ఒంటిగంటన్నర రెండుసార్లు వస్తుంది. రికార్డు పుస్తకంలో 1:30కి డీవో 4.6 అని, 1:30కి 4.1 అని రెండు వరసలుంటాయి. ఏది ముందు, ఏది తర్వాత? తెల్లవారి పుస్తకం చూసే టెక్నీషియన్‌కి నీళ్లు ఎంత వేగంగా దిగజారుతున్నాయో తెలియాల్సింది సరిగ్గా అక్కడే.

అమెరికాలో, యూరప్‌లో ఇవన్నీ నూరేళ్ల అలవాటు మీద నడుస్తున్నాయి. అయినా వెనక్కి తిప్పే రాత్రి అమెరికాలో ఆమ్‌ట్రాక్ దూరప్రయాణపు రైలు దారిలో గంటసేపు ఆగుతుంది, టైంటేబుల్ కంటే ముందు చేరకూడదని. రాత్రిపూట గోదావరి వంతెన దాటే రైళ్లన్నీ అలా ఎక్కడికక్కడ గంట ఆగితే వెనకున్న గూడ్సుల సంగతేమిటి? మన దేశంలో తయారైన మీటర్లు, హాజరు యంత్రాలు, టికెట్ మిషన్లలో గ్రీనిచ్ కాలం కంటే మనం ముందుండే ఐదున్నర గంటలు అన్న సంఖ్యని మారని అంకెగా రాసేసిన సాఫ్ట్‌వేర్ ఎంతో ఉంది. ఇప్పుడు చెప్పిన వేళల వారీ ధరలు లెక్కించే మీటర్లో గడియారం గంట తప్పితే బిల్లే తప్పుతుంది.

పొలంలో చూస్తే గడియారం మాట ఇంకా తక్కువ చెల్లుతుంది. సార్వా (ఖరీఫ్ వరి) కోతల్లో "మంచు ఆరకుండా మిషను దిగదండి" అంటారు. తడిసిన గడ్డి మిషన్లో చుట్టుకుంటుంది, గింజలో తేమ పెరుగుతుంది, పదిహేడు శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ. మిషన్ తొమ్మిదికో పదికో దిగుతుంది, ఆ రోజు మంచుని బట్టి. సముద్రం మీదికి వెళ్లేవాళ్లకి పోటు, పాటు ముఖ్యం. అవి రోజుకి దాదాపు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతూ పోతాయి, వాటికి తిథే గడియారం.

పంచాంగం మాటా అంతే. గోడ క్యాలెండరులో సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది అని ఉంటుంది. అది ఆరింటికి పొడిచి ఆరింటికి గుంకే పగటికి వేసిన లెక్క. పగటిని ఎనిమిది భాగాలు చేసి సరిగ్గా కడితే కాకినాడలో జూన్ 21న అది 7:07 నుంచి 8:46, జనవరి నడుమ దాటాక 7:58 నుంచి 9:22. మన గడియారం సూర్యుడికి దగ్గరగా ఉంది కాబట్టి ఈ సోమవారపు అంకె అరగంటకి మించి తప్పదు. గంట జరిపితే ఆ అంకె వేసవి పొడుగునా దారి తప్పినట్టే. అమెరికాలో తెలుగువాళ్ల గుళ్లు ఊరికో పంచాంగం కట్టించుకుంటున్నది అందుకే.

అందరూ ఒక్కసారే కదలాలంటే

గడియారం మార్చాలనే వాళ్లు చెప్పే మాటల్లో నాకు అన్నిటికంటే గట్టిగా అనిపించేది కరెంటు మాట కాదు. వేళలు మార్చుకోమని చెప్పడం తేలిక, అందరూ కలిసి మార్చుకోవడం కష్టం అన్న మాట. బడి ముందుకి జరిగినా బస్సు జరగకపోతే ఉపాధ్యాయుడు రాలేడు. బస్సు జరిగినా బ్యాంకు జరగకపోతే ఉద్యోగికి ఉపయోగం లేదు. గడియారాన్ని మారిస్తే ఒక్క ఉత్తర్వుతో బడి, బస్సు, బ్యాంకు, పాలవ్యాను అన్నీ ఒకేసారి జరిగిపోతాయి, ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోనక్కర్లేదు. ఇందులో నిజం ఉంది. ఈ పద్ధతి ప్రపంచంలో ఇంతకాలం నిలబడిందంటే కారణం ఇదే అనుకుంటాను.

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, సగం జవాబు ఉంది. గడియారాన్ని పట్టుకుని బతికే పనులు డెల్టాలో తక్కువ, అవి కూడా ఎక్కువగా ప్రభుత్వ ఉత్తర్వులతో నడిచేవే. ఒంటిపూట బడులు ఏటా మార్చి నడుమ ఒక్క ఉత్తర్వుతో రాష్ట్రమంతా మారిపోవడం లేదా? మధ్యాహ్న భోజనం వండేవాళ్లు, స్కూలు ఆటోలు, తల్లులు అందరూ రెండు మూడు రోజుల్లో సర్దుకుంటారు. అంటే కలిసి కదలడం మనకి చేతనవును. ఇక శరీరం సంగతి. గడియారం ముందుకి జరిగిన వారంలో గుండెపోట్లు సుమారు ఐదు శాతం పెరిగాయని స్వీడన్ లెక్కల మీద 2008లో వచ్చిన అధ్యయనం చెప్పింది. నిద్ర వైద్యులు గంట మార్పుని వ్యతిరేకించడానికి ఇలాంటివే ఆధారం. వేళల మార్పులో నిద్ర చెడేది ఆ పనికి వెళ్లేవాళ్లకి, ఆ కొద్ది వారాలు. గడియారం మార్పులో మంచాన ఉన్న ముసలివాళ్లతో సహా అందరికీ.

అమెరికాతో పాటు మనమూ జరిపితే డాలస్ ఫోను వేళ ఏడాది పొడుగునా ఒకటే ఉంటుందని అన్నవాళ్లు కూడా ఉన్నారు. రాజమండ్రిలో ఇంట్లో కూర్చుని అమెరికా షిఫ్టు చేసేవాళ్లకి చలికాలంలో రాత్రి 7:30, వేసవిలో 6:30 అంటూ మారే బాధ తప్పుతుంది. నిజమే. అప్పుడు కువైట్, దుబాయ్ ఫోన్లు మారడం మొదలవుతాయి, కోనసీమలో ఆ ఫోన్ల కోసం ఎదురుచూసే ఇళ్లు తక్కువేమీ కాదు.

ఒకటి ఒప్పుకోవాలి. గడియారం ముట్టుకోవద్దని ఆ రేఖాంశపు గీత పక్కన కూర్చుని చెప్పడం మనకి సులువు. గౌహతిలో జూన్‌లో నాలుగున్నరకే పొద్దు పొడుస్తుంది, డిసెంబరులో సాయంత్రం నాలుగున్నర దాటగానే గుంకిపోతుంది. అక్కడి తేయాకు తోటలు గంట ముందున్న తోటల టైముతో నడుస్తున్నాయి. దేశానికి రెండు కాలాలు ఉండాలని జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్తలు 2018లో రాశారు కూడా. వాళ్ల బాధ న్యాయమైనది. కానీ అది శాశ్వతంగా వేరే కాలం కావాలన్న కోరిక, ఏడాదికి రెండుసార్లు ముల్లు తిప్పాలన్నది కాదు. వాళ్ల కోసం దేశం మొత్తాన్ని గంట జరిపితే జనవరిలో ఏడున్నర ప్రాంతంలో పొద్దు పొడిచే కచ్‌లో ఎనిమిదిన్నర అవుతుంది. 1974 జనవరిలో అమెరికా ఏడాది పొడుగునా గంట ముందుంటామని మొదలుపెట్టి, పిల్లలు చీకట్లో బడికి వెళ్లడం చూసి ఆ అక్టోబరులోనే విరమించుకుంది.

బడిగంట

ఇప్పుడు ఆ 12:30 సంగతి. పిల్లలు 11:30కే ఇల్లు చేరాలంటే బడి 6:45కి మొదలవ్వాలి. గడియారం జరపకుండా ఆ అంకెనే ఉత్తర్వులో రాస్తే సరిపోతుందా? పూర్తిగా సరిపోదు, ఎందుకంటే మార్చి 15న కోనసీమలో పొద్దు పొడిచేది 6:10కి. ఆ రోజున 6:45కి బడంటే పిల్లల్ని చీకట్లో లేపాలి. ఏప్రిల్ ఒకటికి 5:57, ఇరవైకి 5:43. కాబట్టి మార్చి నడుమ 7:15తో మొదలుపెట్టి ఏప్రిల్ ఒకటి నుంచి 6:45కి జరపాలి, సెలవులిచ్చేదాకా. రెండు మెట్లు. గడియారాన్ని తిప్పితే ఇలా మెట్లుగా తిప్పలేం, ఒక్కసారే అరవై నిమిషాలు.

దీనికి కావలసినవి పెద్దవేమీ కావు. భోజనం 11:30కి వడ్డించాలంటే వంటవాళ్లు ఎనిమిదింటికి పొయ్యి వెలిగించాలి, గుడ్లూ బియ్యం ముందురోజే బడికి చేరాలి. పల్లెవెలుగు మొదటి ట్రిప్పు అరగంట ముందుకి రావాలి. అది డిపో మేనేజర్ స్థాయిలో అయ్యే పని. చిక్కంతా లంక గ్రామాల దగ్గర. అక్కడ ఉపాధ్యాయులు ఏరు దాటి రావాలి, నర్సాపురం, సఖినేటిపల్లి మధ్యలా పంటు (బండ్లని కూడా దాటించే పెద్ద పడవ) ఉన్న రేవు కొన్నిచోట్లే, మిగతా చోట్ల పడవ. అవతలి ఒడ్డు కనపడేంత వెలుతురు వస్తే గానీ పడవ కదలదు, కదలకూడదు కూడా. ఏప్రిల్‌లో ఆ వెలుతురు ఐదుంపావు దాటాక వస్తుంది. ఆ బడులకి 6:45 కాదు, 7:00 పెట్టాలి, రేవుకి దగ్గరగా ఉన్న మండల విద్యాధికారి ఆ పావుగంట నిర్ణయించగలగాలి.